ఇల్లా, చెట్టా? ముందు నేల మట్టం చూడాలి

పట్టణంలో ఖాళీ స్థలం ఉన్నచోట రెండు వాదనలు వినిపిస్తాయి. గూడు లేని కుటుంబాలకు ఇళ్లు కట్టాలన్నది ఒకటి, చెట్లు పెంచాలన్నది మరొకటి. కృష్ణా డెల్టాలో ఈ రెండింటికంటే ముందుగా ఆ నేలపై హక్కు నీటిది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలోనే ఉన్నాయి. పల్లపు నేలను మట్టితో మెరక చేసినంత మాత్రాన నీరు మాయం కాదు. పక్క వీధికో, పక్క చేనుకో చేరుతుంది.

అందువల్ల మొదట తేల్చవలసినది నేల మట్టం. వాననీరు నిలిచే పల్లాన్ని ఇళ్ల స్థలాలుగా పంచడం పేదలకు మేలు కాదు. అక్కడ ముంపును కొంతకాలం తట్టుకోగల తెల్లమద్ది, నేరేడు, కానుగ వంటి చెట్లు పెంచడమే తగినది. మెరక నేలపై మాత్రం ఇంటికే ప్రాధాన్యం దక్కాలి. అక్కడ చెట్ల పేరిట పేదల ఇళ్లను అడ్డుకోవడం న్యాయం కాదు.

అయితే నీడ లేని కాలనీ కూడా సరైన నివాసం కాదు. 2020 డిసెంబరులో ప్రారంభమైన పేదలందరికీ ఇళ్లు పథకంలో పట్టణాల్లో 1 సెంటు, గ్రామాల్లో 1.5 సెంట్ల చొప్పున స్థలం ఇచ్చారు. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. ఇల్లు కట్టాక అందులో పెద్ద చెట్టుకు చోటు మిగలదు. కనుక వీధి అంచున, ఉమ్మడి స్థలంలో చెట్టుకు చోటును ప్లాట్లు విడగొట్టేటప్పుడే కేటాయించాలి.

కూచిపూడికి సమీపంలోని చల్లపల్లి ఇందుకు దారి చూపుతున్నది. 2014 నుంచి అక్కడి స్వచ్ఛంద కార్యకర్తలు వేకువనే వీధులు శుభ్రపరుస్తూ, రహదారుల పక్కన మొక్కలు నాటి సంరక్షిస్తున్నారు. రహదారి పక్కన పెరిగే చెట్టు ఎవరి ఇంటి స్థలాన్నీ అడగదు. నాటడం ఒక్కరోజు పని. నీరు పోసి, కంచె కట్టి కాపాడడం ఏళ్ల తరబడి సాగవలసిన పని.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర ఇక్కడే మొదలవుతుంది. మొవ్వ మండలంలోని కూచిపూడి వంటి గ్రామాలు వరి చేల నడుమ ఉన్నాయి. అవి విస్తరించేలోగా నీరు నిలిచే చోట్లను, మురుగు కాలువల వాలును, నేల స్వభావాన్ని విద్యార్థులచేత నమోదు చేయించి పంచాయతీలకు అందించవచ్చు. ఆ నేలకు సరిపడే చెట్ల జాబితానూ జతచేయవచ్చు. పట్టాలు పంచిన తరువాత ఇచ్చే సలహా ఎంత శాస్త్రీయమైనదైనా, మునిగే ఇంటిని మెరకకు చేర్చలేదు.