మందు వేసుకోని నేరం

ఆసుపత్రి ఫార్మసీల్లో మందుల భద్రత గురించి జరిగే పరిశోధనలు చదివేవాళ్లకి ఒక మాట బాగా పరిచయం: 'రోగి సహకరించలేదు'. ఈమధ్య దాన్ని కొంచెం మర్యాదగా 'మందుల వాడకంలో లోపం' అంటున్నారు. మాట మారింది గానీ తీర్పు మారలేదు. కంపెనీ మంచి మందే తయారుచేసింది, డాక్టరు సరైన మందే రాశాడు, కౌంటరులో సరైన మందే ఇచ్చారు. చెడగొట్టింది ఇంటికి తీసుకుపోయిన మనిషి. ఆ మనిషి ఆడది అయితే, పైగా చదువు రానిది అయితే, ఇక విచారణ కూడా అక్కర్లేదు. అజ్ఞానం, నిర్లక్ష్యం, మూఢనమ్మకం అని మూడు ముక్కలు రాసేస్తే వ్యాసం పూర్తవుతుంది.

ఈ తీర్పుని నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో కొంతకాలంగా ఆడవాళ్లతో మందుల గురించి మాట్లాడుతున్నాను. సర్వే ఏమీ కాదు, శాతాలు చెప్పను. మందుల సంచి మధ్యలో పెట్టుకుని కూర్చోవడం, ఏది వేసుకుంటున్నారు, ఏది మానేశారు, ఎందుకు మానేశారు అని అడగడం, అంతే. ఇంగ్లీషు పటాలాల అవసరాల కోసం వెలిసిన బజారు అది, పేరులోనే ఉంది. పాత గాంధీ ఆసుపత్రి ఈ బస్తీకి పక్కనే, రైల్వే స్టేషన్ దగ్గర ఉండేది. 2003లో ముషీరాబాద్‌కి తరలిపోయింది. దూరం మరీ ఎక్కువేం కాదు. కానీ వంట ముగించి, నలుగురిని పంపించి, పనికి పోయేలోపు ఓపీ చీటీ రాయించుకు రావలసిన మనిషికి ఆ కాస్త దూరమే ఒక పూట కూలి.

తోపుడుబండి మీద కూరగాయలు అమ్మే ఒకామె సంచిలో బీపీ మాత్రలన్నీ అయిపోవచ్చాయి, ఒక్కటి తప్ప. ఒంట్లో నీరు తీసే గోలీల పట్టీ మాత్రం దాదాపు నిండుగా ఉంది. అడిగితే నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

"గది ఏసుకుంటె గంటగంటకు పోవాలె మేడమ్. బండి ఎవలికి అప్పజెప్పిపోవాలె? పోయినా యాడికి పోవాలె?"

ఇది అజ్ఞానమా? ఆ గోలీ ఏం చేస్తుందో ఆమెకి కచ్చితంగా తెలుసు. తెలుసు కాబట్టే మానేసింది. బజారులో ఆడవాళ్లు ధైర్యంగా వెళ్లగల మరుగుదొడ్డి లేకపోవడం మన పరిశోధకుల ప్రశ్నావళిలో ఎక్కడా ఉండదు. ఆమె మీద ఒక గడిలో టిక్కు పడుతుంది: 'మందు సరిగా వాడలేదు'. మరుగుదొడ్డి కట్టని మున్సిపాలిటీ ఏ గడిలోనూ పడదు.

ఇంకొకామెకి థైరాయిడ్. పరగడుపున మాత్ర వేసుకుని అరగంటైనా ఏమీ తినకూడదు, తాగకూడదు అన్నారు. మంచి సలహానే, లేకపోతే మందు ఒంటికి సరిగా పట్టదు. అయితే నాలుగున్నరకి లేచి మూడు ఇళ్లలో పాచిపనికి పోయే ఆ మనిషికి రోజు మొత్తంలో తనకంటూ కూర్చుని తాగేది ఆ మొదటి చాయ్ ఒక్కటే. దాన్నే వాయిదా వెయ్యమన్నారు. రాత్రి భోజనమైన మూడు నాలుగు గంటలకి, పడుకునేముందు వేసుకున్నా పనిచేస్తుందని ఆమెకి ఎవరైనా చెప్పారా? చెప్పలేదు. పొద్దున్నే ఎందుకు కుదరదని ఎవరైనా అడిగితే కదా, రాత్రి సంగతి చెప్పేది!

నొప్పుల మాత్రల సంగతి మరీ ఘోరం. బట్టలుతికి, అంట్లు తోమి మోకాళ్లు అరిగిన ఆడవాళ్లు మందుల షాపులో రెండేసి, మూడేసి గోలీలు కొంటారు. పట్టీ కత్తిరించి ఇస్తారు. మందు పేరు ఒక ముక్క మీద, గడువు తేదీ ఇంకో ముక్క మీద. బీపీకి వాడే కొన్నిరకాల మాత్రలతో పాటు నీటి గోలీ, ఆ పైన డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర కలిస్తే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉందని ఫార్మసీ చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. ఆ మూడూ ఒకే సంచిలో చూశాను, ఒకటి కంటే ఎక్కువ ఇళ్లలో. ఆసుపత్రి వాళ్లు షాపులో కొన్నవి అడగరు, షాపువాడు ఆసుపత్రి మందులు అడగడు. ఆమె సంచిలోనే ఆ రెండు లోకాలూ కలుస్తాయి.

టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ గర్భనిరోధక మాత్రల పనితనాన్ని తగ్గిస్తుంది. ఇది దశాబ్దాలుగా తెలిసిన సంగతే. టీబీ మందులు ఇచ్చేటప్పుడు 'పిల్లలు పుట్టకుండా ఏమైనా వాడుతున్నావా అమ్మా' అని అడిగారా అంటే నాతో మాట్లాడినవాళ్లలో ఒక్కరూ అవుననలేదు. దగ్గు తగ్గింది కాబట్టి చికిత్స విజయవంతం. మధ్యలో వచ్చే అక్కరలేని గర్భం ఎవరి ఖాతాలో రాస్తారు? ఆడవాళ్ల ఖాతాలోనే. ఎప్పటిలాగే.

తప్పు మందుది కాదు, వాడిన చేతిది అనే వాదన మన ఊరికి కొత్త కాదు. మందుల భద్రత మీద ప్రపంచం గుర్తుపెట్టుకున్న తొలి పరిశోధనల్లో ఒకటి ఇక్కడే జరిగింది. 1888లో, మళ్లీ 1889లో నిజాం ఖర్చుతో హైదరాబాదు క్లోరోఫామ్ కమిషన్లు నడిచాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటికి పెద్ద. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్ గుండెని నేరుగా ఆపదు, శ్వాసని గమనించుకుంటే ప్రమాదం లేదు అని తేల్చారు. అంటే ఎవరైనా చనిపోతే అది ఇచ్చినవాళ్ల అజాగ్రత్త! 1911లో గుడ్‌మన్ లెవీ చేసిన ప్రయోగాలు వేరే సంగతి బయటపెట్టాయి: క్లోరోఫామ్ కొద్దిగా ఇచ్చిన దశలో కూడా గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చు. చేయి మంచిదైనా మందు చంపగలదన్నమాట. ఆ రోజుల్లోనే హైదరాబాదు మెడికల్ స్కూల్లో చదివి, రోగులకి క్లోరోఫామ్ ఇచ్చిన వైద్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ గురించి మనలో ఎంతమందికి తెలుసు? లారీ పేరు వైద్యచరిత్రలో నిలిచింది. ఆమెని ఈమధ్యే వెతికి పట్టుకుంటున్నారు.

మందు ఎవరి ఒంటి మీద పరీక్షించారన్నది కూడా అడగాలి. అమెరికాలో 1977 నుంచి 1993 దాకా గర్భం వచ్చే వయసులో ఉన్న ఆడవాళ్లని తొలిదశ పరీక్షలకి దూరంగా ఉంచమని అక్కడి మందుల నియంత్రణ సంస్థ మార్గదర్శకాలే చెప్పాయి. 1997 తర్వాత అక్కడ మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్న పది మందుల్లో ఎనిమిది ఆడవాళ్లకే ఎక్కువ ప్రమాదకరమని 2001లో ఆ దేశపు ఆడిట్ సంస్థే రాసింది. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర మోతాదు ఆడవాళ్లకి సగానికి తగ్గించాలని తెలుసుకోవడానికి 2013 దాకా పట్టింది.

మన దగ్గర అన్యాయం ఇంకో రూపంలో వచ్చింది. ఇక్కడ మనల్ని పరీక్షల నుంచి తప్పించలేదు, చెప్పకుండా లాక్కొచ్చారు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ సూది ప్రయోగాన్ని స్త్రీశక్తి సంఘటన మిత్రులు నిలదీశారు. మరుసటి సంవత్సరం ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకి, వాళ్లలో ఎంతోమంది ఆదివాసీ హాస్టళ్ల పిల్లలు, హెచ్‌పీవీ టీకా వేశారు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆపేశారు. చనిపోయిన పిల్లల మరణాలకీ టీకాకీ సంబంధం ఉన్నట్టు ప్రభుత్వ విచారణ చెప్పలేదు, ఉందని నేనూ అనడం లేదు. నా కోపం వేరే చోట ఉంది. టీకా తర్వాత పిల్లలకి ఏమైందో సరిగా గమనించి రాసుకునే ఏర్పాటే లేదని 2013లో పార్లమెంటు స్థాయీసంఘం తప్పుపట్టింది. రాసుకోనప్పుడు 'సంబంధం లేదు' అనడం చాలా తేలిక.

రాసుకునే ఏర్పాటు ఇప్పుడు ఉందంటారు. 2010లో మందుల దుష్ఫలితాలని నమోదుచేసే జాతీయ కార్యక్రమం మొదలైంది. మెడికల్ కాలేజీల్లో కేంద్రాలున్నాయి. రోగులే నింపుకునే ఫారం తెలుగులోనూ ఉంది. మంచిదే. ఆ ఫారం రెజిమెంటల్ బజార్‌లో నేను మాట్లాడిన ఏ ఇంట్లోనూ ఎవరూ చూడలేదు.

ఇక్కడ ఫార్మసిస్టుల మాట కూడా చెప్పాలి. నేను ఇలా అంటే వాళ్లకి కోపం వస్తుంది, అది న్యాయమే. కిటికీ ముందు వందలమంది నిలబడి ఉంటే ఒక్కొక్కరికి అర నిమిషం దొరకదు. రోగికి మందు గురించి వివరించడం ఫార్మసిస్టు బాధ్యత అని 2015 నిబంధనలు చెప్తాయి. బాధ్యత రాశారు గానీ మనుషుల్ని ఇవ్వలేదు. 2008లో ఫార్మ్-డి కోర్సు పెట్టారు, ఆరేళ్లు చదివి బయటికొచ్చిన అమ్మాయిల్ని అడగండి, ప్రభుత్వాసుపత్రిలో వార్డు పక్కన నిలబడే ఉద్యోగం ఉందా అని. చదువుకునేటప్పుడు వార్డుల్లో ఎవరైతే రోగుల చీటీలు కూర్చుని పరిశీలించారో, వాళ్లే తర్వాత బిల్లింగ్ కంపెనీల్లో తేలుతున్నారు. కాబట్టి కౌంటరులో ఉన్నవాళ్ల మీద విరుచుకుపడి లాభం లేదు. పోస్టులు అడగాలి.

పరిశోధకులని మాత్రం వదలను. 'ఎన్ని మోతాదులు తప్పారు' అని లెక్కపెట్టే వ్యాసానికి నాలుగు ప్రశ్నలు చేర్చడం ఖర్చుతో కూడిన పనేం కాదు. మందు మీద రాసింది నీకు చదవొచ్చా? ఇంట్లో మందులకి డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, అందరి మందులూ గుర్తుపెట్టుకుని ఇచ్చేది ఎవరు? పాలిస్తున్నావా, నెల తప్పావా? ఈ గోలీ వేసుకుంటే నీ పనికి ఏం అడ్డం? మామకి షుగరు మాత్ర, భర్తకి బీపీ మాత్ర, పిల్లాడికి సిరప్పు వేళకి అందించేది ఆమే. ఆ ఇంటికి జీతంలేని ఫార్మసిస్టు ఆమే. తనది మాత్రమే మరిచిపోతుందంటే అది మతిమరుపు అని ఏ శాస్త్రం ఒప్పుకుంటుంది?

మన సంఘాలు ఆ తెలుగు ఫారాలు తెప్పించుకోవచ్చు, బస్తీ మీటింగుల్లో నింపవచ్చు. దుష్ఫలితాలు ఫోన్లో చెప్పడానికి ఉచిత నంబరు కూడా ఉంది, 1800-180-3024. సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఐదున్నర దాకా. బండి మీద కూరగాయలు అమ్మే ఆమెకి ఆ నంబరు రాసిచ్చాను. "గప్పుడు ఫోను మా ఆయనతోటి ఉంటది" అంది.