ఆ పిల్ల ఇంట్లో ఫోన్ లేదు

ఆ ఫోటో మీరూ చూసే ఉంటారు. 1957 సెప్టెంబరు 4, అమెరికాలో లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూలు. తానే కుట్టుకున్న గౌను, నల్ల కళ్లద్దాలు, చేతిలో పుస్తకం. పదిహేనేళ్ల ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్. వెనకాల నోళ్లు తెరిచి అరిచే తెల్లమంద.

మా స్టాఫ్‌రూమ్‌లో చూపిస్తే ఒక సారు "అబ్బ, ఎంత ధైర్యం!" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ధైర్యమేంది సారూ? తొమ్మిదిమందీ కలిసి వెళదామన్న కబురు ఆ పిల్లకు అందలేదు. ఇంట్లో ఫోన్ లేదు. అందుకే ఒంటరిగా పోయింది. తెల్లపిల్లలకు దారిచ్చిన నేషనల్ గార్డు సిపాయిలు తనకు తుపాకులు అడ్డం పెట్టారు. పెట్టించింది గవర్నరు ఫాబస్. వేరు బళ్లు చెల్లవని 1954లోనే సుప్రీంకోర్టు చెప్పింది గదా! ధైర్యమని పొగిడేస్తే తుపాకీ పెట్టించినోడి పేరెత్తక్కర్లేదు. అదీ మీకు సుఖం.

మూడు వారాలకు ఐసెన్‌హోవర్ పంపిన సైన్యం గడప దాటించింది. సైనికులు వరండా దాకే. క్లాసులోకి, బాత్రూముల్లోకి రారు. దెబ్బలు అక్కడే పడ్డయి. ఓర్చి ఓర్చి తిరిగి మాటన్న మినీజీన్ బ్రౌన్‌ను 1958 ఫిబ్రవరిలో బడి నుంచే వెళ్లగొట్టారు.

మా వాడలో మొదటి డిగ్రీ నాది. నన్నూ "పట్టుదల మనిషి" అంటారు. నాలుగో తరగతిలో నీళ్లకుండ ముట్టానని పంతులు ఎండలో నిలబెడితే ఏడ్చుకుంటూ ఇంటికి పారిపోయినోణ్ని నేను. మర్నాడు మా అమ్మ రెక్క పట్టి లాక్కొచ్చింది. కూలికి పొద్దెక్కుతుందని గేటు కాడే వదిలేసి ఉరికింది.