డొక్కుది అనేముందు...

వేసవి సెలవుల్లో తణుకులో ఏ ఇంట్లోనైనా జరిగే ముచ్చటే ఇది. హైదరాబాద్ నుంచి పెద్దమ్మ కొడుకు దిగుతాడు. ముంజెలూ మామిడిపళ్లూ అయ్యాక కుర్రాళ్లిద్దరూ టీవీ ముందు చేరతారు. అక్కడున్న పీఎస్4 పెట్టెను చూసి అన్నయ్య నవ్వేస్తాడు. 'ఇదింకా ఉంచారేంట్రా? డొక్కుదైపోయింది!' అంతే. నిన్నటిదాకా ప్రాణంగా చూసుకున్న పెట్టె ఆ పూట నుంచి కంటికి ఆనదు. రాత్రి భోజనాల దగ్గర మొదలవుతుంది... 'కొత్తది కొందాం నాన్నా!'

'ఏం, ఇది పనిచెయ్యట్లేదా?'

'చేస్తోంది. కానీ పాతదంట.'

ఆ 'అంట' దగ్గరే ఉంది చిక్కంతా. డిస్కు పట్టే పీఎస్5 2021 ఫిబ్రవరిలో మన దేశంలో విడుదలైనప్పుడు ధర 49,990 రూపాయలు. ఒక్క 'అంట' కోసం అంత డబ్బు తియ్యాలంటే ఏ తండ్రైనా ఆలోచిస్తాడు మరి!

కంప్యూటర్‌కైతే కావాలంటే మెమరీ పెంచుకోవచ్చు. వీడియో గేమ్ పెట్టెకు ఆ వీలు లేదు. లోపలి చిప్పు, మెమరీ కొన్నరోజున ఎంతో, ఏడేళ్ల తర్వాతా అంతే. కాబట్టి 'పాతబడింది' అనే మాట ప్రతి పెట్టెకూ ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. అసలు ప్రశ్న వేరే. పాతబడటమే ఒక లోపమా?

1989లో జపాన్ కంపెనీ నింటెండో 'గేమ్ బాయ్' అనే చేతి ఆటబొమ్మను తెచ్చింది. దాని తెర మీద రంగుల్లేవు. మరుసటి ఏడాదే సెగా కంపెనీ రంగుల తెరతో 'గేమ్ గేర్' దించింది. చూస్తే కొత్తదే బ్రహ్మాండం. కానీ దానికి ఆరు బ్యాటరీలు వేసినా మూడు నుంచి ఐదు గంటలకు మించి వచ్చేవి కావు. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలు దాటి ఆడేది. పిల్లలు దేన్ని పట్టుకున్నారు? గేమ్ బాయ్‌నే! తర్వాత వచ్చిన రంగుల గేమ్ బాయ్‌తో కలిపి పదకొండు కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. దాన్ని రూపొందించిన గున్‌పేయ్ యొకోయ్ నమ్మిన సూత్రం ఒకటే. బాగా నలిగి, చవకబడిన పరిజ్ఞానాన్ని తీసుకుని కొత్తరకంగా వాడాలని. పాత సామాను వాడటం ఆయనకు చేతకాక కాదు, కావాలనే.

మన హైదరాబాద్ సంగతీ చూడండి. పీఎస్3 మన దేశానికి 2007లోనే వచ్చింది. ధర 39,990 రూపాయలు. రెండేళ్ల తర్వాత, 2009లో, హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్' ఆటను తయారుచేసింది. పూర్తిగా మన దేశంలోనే తయారై ప్లేస్టేషన్ మీదికెక్కిన తొలి ఆట అది. దాన్ని చేసింది పీఎస్3కి కాదు, 2000 నాటి పీఎస్2కి! అదే ఏడాది హైదరాబాద్‌దే అయిన గేమ్‌శాస్త్ర సంస్థ గాలిపటాలు, కబడ్డీ, గోళీలాంటి మన ఆటలతో 'దేశీ అడ్డా' చేసింది. అదీ పీఎస్2కి వచ్చింది. మధ్యతరగతి ఇళ్లకు అందేది ఆ పెట్టే కాబట్టి.

'హనుమాన్' ఆట విమర్శకులకు పెద్దగా నచ్చలేదు. అది పాత పెట్టె తప్పేనా? అదే పీఎస్2 మీద 2005లో వచ్చిన 'గాడ్ ఆఫ్ వార్', 'షాడో ఆఫ్ ది కొలోసస్' ఆటలను ఇప్పటికీ తలుచుకుంటారు. పొయ్యి ఒకటే, వంటలే వేరు.

అలాగని పాతదన్న ప్రతి విమర్శనూ కొట్టిపారేయలేం. 2020 డిసెంబరులో 'సైబర్‌పంక్ 2077' విడుదలైంది. 2013 నాటి పీఎస్4లో బొమ్మ నత్తనడక నడిచింది, ఆట మధ్యలోనే ఆగిపోయింది. వారం తిరిగేసరికి సోనీ తన ఆన్‌లైన్ దుకాణం నుంచి దాన్ని తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు వెనక్కిస్తామంది. ఇక్కడ విమర్శ న్యాయమే. కాకపోతే తిట్లు తినాల్సింది పెట్టె కాదు. ఆ పెట్టె మోయలేదని తెలిసీ దాని పేరుతో అమ్మినవాళ్లు!

నింటెండో స్విచ్ 2017లో వచ్చేనాటికే అందులోని చిప్పుకి రెండేళ్లు. అయినా పదిహేను కోట్లకు పైగా అమ్ముడైంది. అయితే 2022లో వచ్చిన కొత్త పోకెమాన్ ఆటలు దానిమీద తడబడ్డాయి. కొన్నవాళ్లు గోలపెట్టారు. ఆ గోల అన్యాయం కాదు. పూర్తి ధర పుచ్చుకున్నాక ఆట సాఫీగా నడవాలిగా! 2025 జూన్‌లో స్విచ్ 2 వచ్చింది.

తణుకు వాళ్లకు ఇది అర్థంకాని విషయమేం కాదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో. మోటారు లేకుండా, వాలు చూసుకుని గోదావరి నీళ్లు కాలవల్లో చేలకొస్తున్నాయి. పాత పద్ధతని ఏ రైతూ వాటికి వంక పెట్టడు. నీరందుతోందా లేదా, అదే లెక్క. ఆనకట్ట బలహీనపడ్డాక మాత్రం కొత్త బ్యారేజీ కట్టక తప్పలేదు. అది 1982లో పూర్తయింది. కాలవలు మాత్రం అవే!

కాబట్టి పెట్టె మార్చాలా వద్దా అని తేల్చుకునే ముందు ఇంట్లో మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. పిల్లాడు ఇప్పుడు ఆడుతున్న ఆట ఆగకుండా నడుస్తోందా? నిజంగా ఆడాలనుకునే కొత్త ఆట ఈ పెట్టెకు వస్తోందా? చెడితే బాగుచేసేవాళ్లు దొరుకుతున్నారా? మూడింటికీ 'ఆఁ' అని జవాబొస్తే అది పాతదే కానీ డొక్కుది కాదు. 'లేదు' అనే జవాబులే ఎక్కువైతే పిల్లాడి గోలలో న్యాయం ఉన్నట్టే. తండ్రి అప్పుడు బడ్జెట్ లెక్క మొదలుపెట్టొచ్చు.

కొడుకు మాటలో 'అంట' పోయి, 'నేను చూశాను నాన్నా, ఈ ఆట దీంట్లో ఆగిపోతోంది' అని వచ్చినరోజు ఆ సంగతి కూర్చుని మాట్లాడుకోవచ్చు. అప్పటిదాకా హైదరాబాద్ అన్నయ్య చేతికి రెండో రిమోట్ ఇచ్చి ఆటలో కూర్చోబెట్టడమే మంచిది. ఓడిపోయాక కూడా 'డొక్కుది' అంటాడేమో చూద్దాం!