అణువును తూచే కాటా ఎవరి చేతిలో ఉంది?

మార్కెట్ యార్డుల్లో సరైన కాటా కోసం మనం చేసిన పోరాటాలు పాత సభ్యులకు గుర్తుండే ఉంటాయి. తూకం రాళ్ల మోసాలు పోయి ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి. తరుగు పేరుతో కోత ఇంకా ఆగలేదు గానీ, అంకె మాత్రం రైతు కళ్లముందు పడుతోంది. ఇప్పుడు మన మిర్చి ధరను తేల్చే మరో కాటా వచ్చింది. అది యార్డులో కనబడదు. ఎక్కడో ల్యాబులో, ఏసీ గదిలో ఉంటుంది. దాని పేరు మాస్ స్పెక్ట్రోమీటర్. దాని మీద పడే అంకెను మన రైతుల్లో ఎంతమంది చూశారు?

పేరు కష్టంగా ఉన్నా అది చేసే పని తూకమే. మిర్చి పొడిలోంచి మందు అవశేషాలను ద్రావకంతో లాగి, ఒకదాని నుంచి ఒకటి విడదీస్తారు. వాటికి విద్యుదావేశం ఎక్కించి యంత్రంలోకి పంపుతారు. ఒక్కో అణువు బరువు ఎంతో, దాన్ని పగలగొడితే వచ్చే ముక్కల బరువు ఎంతో యంత్రం చెబుతుంది. వేలిముద్రను బట్టి మనిషిని పట్టుకున్నట్టు, ఆ ముక్కలను బట్టి అది ఏ మందో పట్టేస్తారు. ఇంగ్లండులో ఆస్టన్ 1919లో ఇలాంటి యంత్రం తయారుచేసి 1922లో నోబెల్ బహుమతి పొందారు. 2002లో ఫెన్, తనాకా అనే శాస్త్రవేత్తలకు కూడా పెద్ద అణువులను ఈ యంత్రంతో తూచే పద్ధతులు కనిపెట్టినందుకే నోబెల్ వచ్చింది. మన హైదరాబాద్ ఐఐసీటీలో ఈ శాస్త్రానికి ప్రత్యేక కేంద్రమే ఉంది. కాబట్టి ఇది మనకు పరాయి విద్యేమీ కాదు.

దీని చూపు ఎంత సూక్ష్మమో తెలియాలంటే ఒక లెక్క చూద్దాం. ప్రత్యేక పరిమితి పెట్టని మందులకు ఐరోపా దేశాలు అనుమతించేది కిలోకు 0.01 మిల్లీగ్రాములు. అంటే 100 టన్నుల సరుకులో ఒక గ్రాము. అంత కొంచెం ఉన్నా ఈ యంత్రం పట్టేస్తుంది. 2003లో నమూనా తయారీకి సులువైన, చవకైన పద్ధతి వచ్చాక, ఒకే నమూనాలో వందల మందులను ఒకేసారి వెతకడం మామూలైపోయింది. ఇప్పటి కొత్త యంత్రాలు జాబితాలో ఉన్న మందులనే కాక, నమూనాలో తమకు కనబడినదంతా రికార్డు చేసి పెట్టుకుంటాయి. ఈ ఏడాది నమూనా రికార్డులో వచ్చే ఏడాది ఇంకో మందును వెతకవచ్చు. ఆకును, కాయను పెద్దగా శుద్ధి చేయకుండానే నేరుగా పరీక్షించే పద్ధతులూ 2004 నుంచి పెరుగుతున్నాయి. చిన్న యంత్రాల మీద పరిశోధన సాగుతోంది.

శాస్త్రం ఇలా ముందుకు పోవడం మంచిదే. ఆ మిర్చి మనమూ తింటాం, మన పిల్లలూ తింటారు. మందు కొట్టినప్పుడు ముందుగా పీల్చేదీ మనమే. కాబట్టి పరీక్షలు వద్దని మనం అనడం లేదు. ఆ యంత్రం ఒకవైపే ఎందుకు చూస్తోందని అడుగుతున్నాం.

మన సంఘం సమావేశాల్లో పదేపదే వినిపిస్తున్న సంగతి ఒకటుంది. రైతు కల్లంలో కాయలు ఆరబోస్తాడు. కొనేవాళ్లు నమూనా పట్టుకెళ్తారు. వారం తర్వాత ఫోనులో ‘ఫెయిలైంది’ అంటారు. ఏ మందు వచ్చిందో, ఎంత వచ్చిందో చెప్పరు. కాగితం అడిగితే అది కంపెనీ వ్యవహారమంటారు. చివరికి క్వింటాలుకు ఇంత అని ధర కోసి, అవే టిక్కీలను లారీ ఎక్కిస్తారు. సరుకు నిజంగా విషమైతే కొనడమేమిటి? విషం కాకపోతే ధర కోయడమేమిటి? కాగితం లేని ఫలితం పేరుతో చేసే కోత కూడా తరుగు లాంటిదే.

రెండో సంగతి ఇంకా ఘోరం. 2021లో నల్ల తామర పురుగు మిర్చిని తుడిచిపెట్టినప్పుడు రైతు దొరికిన మందల్లా కొట్టాడు. అప్పట్లో ‘బయో’ పేరుతో ఎన్ని సీసాలు అమ్ముడుపోయాయో మనకు తెలుసు. వేప, నాచు, శిలీంధ్రం అని లేబులు మీద రాసి, లోపల రసాయన మందు కలిపితే ఏమవుతుంది? కొట్టినవాడికి ఏం కొట్టాడో తెలియదు. కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో తెలియదు. ఎక్కడో రేవులో యంత్రం మాత్రం పట్టేస్తుంది. కలిపినవాడు హాయిగా ఉంటాడు, నేరం రైతు మీద పడుతుంది. 100 టన్నుల్లో గ్రాము పట్టగల యంత్రానికి సీసాలో కలిపిన మందును పట్టడం ఎంత పని? పట్టేవాళ్లు లేరు గనుకే పట్టుబడటం లేదు.

మూడోది అంకెల మెలిక. షాపులో చట్టబద్ధంగా అమ్మే మందే అయినా, మిర్చి మీద వాడటానికి ఇక్కడ నమోదై ఉండకపోవచ్చు, లేదా కొనే దేశంలో దానికి పరిమితి నిర్ణయించి ఉండకపోవచ్చు. అప్పుడు ఆ 0.01 వేటే పడుతుంది. పైగా కాయ ఎండితే నీరు ఎగిరిపోతుంది, మందు అంతా పోదు. దాంతో కిలోకు వచ్చే లెక్క పెరుగుతుంది. ఇక్కడ నమోదు కాని మందులకు సుగంధ ద్రవ్యాల్లో పరిమితిని 2024 ఏప్రిల్‌లో మన ఆహార భద్రతా సంస్థ 0.01 నుంచి 0.1కు పెంచింది. ఇంట్లో గీత జరిపినంత మాత్రాన విదేశీ రేవులో గీత జరగదు. మన జనం పళ్లెంలోకి పది రెట్లు ఎక్కువ మందు రావచ్చని ఒప్పుకోవడం రైతుకు చేసిన మేలు ఎలా అవుతుంది?

2010లో మహారాష్ట్ర ద్రాక్ష ఐరోపాలో ఆగిపోయింది. క్లోర్‌మెక్వాట్ అనే ఎదుగుదల మందు అవశేషాలు పట్టుబడ్డాయి. ఎగుమతికి ముందు ఇక్కడ చేసే పరీక్షల జాబితాలో అది లేనే లేదు. పరీక్ష పాసైన సరుకే అక్కడ ఫెయిలైంది. జాబితా తయారుచేసింది అధికారులు, నష్టపోయింది రైతులు.

మన వైపు తప్పులూ ఒప్పుకుందాం. మూడు నాలుగు మందులు కలిపి ఒకే ట్యాంకులో పోయడం, డీలరు చెప్పిందే వేదమనుకోవడం, కోతకు రెండు రోజుల ముందు కూడా పిచికారీ చేయడం మన ఊళ్లలో లేవా? 2020 చివరితో నిషేధమైన ట్రయజోఫాస్ లాంటి మందు ఎవరైనా ఇంకా చేతిలో పెడితే తీసుకోకూడదు. ప్రతి సభ్యుడూ ఒక నోటు పుస్తకం పెట్టి తేదీ, మందు పేరు, బ్యాచ్ నంబరు, మోతాదు రాసుకోవాలి. బిల్లు లేకుండా సీసా కొనకూడదు. ఖాళీ సీసా లేబులు కోత అయ్యేదాకా దాచాలి. రేపు ‘ఫెయిల్’ అన్నవాడిని నిలదీయడానికి మన చేతిలో ఉండే సాక్ష్యం అదే.

ప్రభుత్వాలను మనం అడిగేవి ఇవి:

ఒకటి, అవశేషాల పేరుతో ధర కోస్తే పరీక్ష నివేదిక నకలు రైతుకు ఇవ్వాలి. రైతు ఎదుటే నమూనాను భాగాలు చేసి సీలు వేసి, ఒక భాగం రైతు దగ్గర ఉంచాలి. తిరిగి పరీక్ష కోరే హక్కు ఉండాలి.

రెండు, ‘బయో’ ఉత్పత్తులను షాపుల నుంచి తీసి ఇదే యంత్రంతో పరీక్షించాలి. బ్యాచ్‌ల వారీగా ఫలితాలను రైతు సేవా కేంద్రాల్లో, రైతు వేదికల్లో అంటించాలి. కల్తీ తేలితే ఆ బ్యాచ్ వాడిన రైతుకు కంపెనీయే పరిహారం కట్టాలి.

మూడు, గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిర్చికి కోతకు ముందే పరీక్ష ప్రభుత్వ ఖర్చుతో జరగాలి. యంత్రం కోట్లు, ఒక్కో పరీక్ష వేలు పలికేచోట రెండెకరాల కౌలురైతు ఎక్కడికి పోతాడు?

నాలుగు, ఏ మందు మిర్చికి నమోదైంది, కొట్టాక ఎన్ని రోజులు ఆగాలి, కొనే దేశాల పరిమితి ఎంత అన్న పట్టిక సీజనుకు ముందే తెలుగులో ప్రతి ఊరికీ చేరాలి.

వచ్చే నెల మండల సమావేశాలకు మీ దగ్గరున్న బిల్లులు, లేబుళ్లు, ‘ఫెయిల్’ అన్న మెసేజీలు పట్టుకు రండి. వాటన్నిటినీ కలిపి కలెక్టర్ల ముందు పెడదాం. ఇనుప కాటా ముందు మనం అడిగింది ఒక్కటే, అంకె మాకూ చూపించమని. ఈ కాటా ముందూ అదే అడుగుదాం.