పాత టీషర్టులతో జ్ఞాపకాల బొంత

మీ ఇంట్లో బీరువా అడుగు అర ఒకసారి తీసి చూడండి. అబ్బాయి పదో తరగతిలో వేసుకున్న ఆటల టీషర్టు, అమ్మాయి కాలేజీ యానివర్సరీకి వేయించుకున్నది, శ్రీవారికి ఎక్కడో మీటింగులో ఇచ్చినది, అన్నీ అక్కడే ఉంటాయి. ఎవరూ వేసుకోరు. పనమ్మాయికి ఇద్దామంటే చెయ్యి రాదు, ఇల్లు తుడిచే గుడ్డ చేద్దామంటే మనసు రాదు. ఏడాదికోసారి తీసి, దులిపి, కలరా ఉండలు వేసి మళ్ళీ అక్కడే పెడతాం. అవునా, కాదా?

అలాంటి టీషర్టులతో బొంత కుట్టుకోవడం ఎలాగో ఈ వారం చెబుతాను. ఇది నేను పుస్తకం చూసి నేర్చుకున్నది కాదు. మా వదిన కోసం కుడుతూ, పాడుచేస్తూ, మళ్ళీ కుడుతూ నేర్చుకున్నది.

మా అన్నయ్య 2021 మే నెలలో కరోనాతో పోయాడు. ఆసుపత్రికి వేసుకెళ్ళిన బట్టలు కూడా తిరిగి రాలేదు. ఇంట్లో మిగిలినవి బీరువా నిండా టీషర్టులు. మనిషి ఆఫీసు నుంచి రాగానే చొక్కా విప్పేసి టీషర్టులోకి మారిపోయేవాడు. వాలీబాల్ ఆడిన రోజులవి, పొద్దున్నే నడిచే బృందంవి, రక్తదాన శిబిరాల్లో ఇచ్చినవి, రకానికి నాలుగు. పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోకూడదని అమ్మ మొదటి నెలలోనే అంది. వదిన ఏమీ మాట్లాడలేదు. బీరువాకు తాళం వేసింది. ఆ తాళం మూడేళ్ళు తియ్యలేదు.

2024 వేసవిలో వదిన చిన్న ఇంటికి మారాల్సి వచ్చింది. ఆ బీరువా కొత్త ఇంట్లో పట్టదు. అప్పుడు నేనే అన్నాను, "వదినా, వీటితో బొంత కుడదాం" అని.

బొంత మనకు కొత్తేం కాదు కదండీ! పాత నూలు చీరలు, పంచెలు నాలుగైదు పొరలు పరిచి, పెద్ద సూదితో బారుగా కుట్టుకుంటూ పోతే అదే బొంత. పసిపిల్లల కిందికి దానంత మెత్తనిది మరొకటి లేదు. బెంగాలు ఆడవాళ్ళు కాంథా అంటారు, బీహారులో సుజని, కన్నడ దేశంలో కవుది. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడ మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ 1942లో, భర్త పోయాక, ఆయన పొలం పనికి వేసుకున్న బట్టలన్నీ కత్తిరించి బొంత కుట్టుకుంది. కూతురు సాయం చేసింది. ఆ పల్లె ఆడవాళ్ళు కుట్టిన బొంతల్ని 2002లో హ్యూస్టన్, న్యూయార్క్ నగరాల మ్యూజియముల్లో ప్రదర్శనకు పెట్టారు. మనిషి పోయాక బట్టలు ఏం చెయ్యాలన్న ప్రశ్న ఏ దేశంలోనైనా ఒకటే.

సరే, ఇక పనిలోకి వద్దాం.

కావలసినవి

టీషర్టులు 20. పేస్టింగ్ బక్రం, ఇస్త్రీ వేడికి అంటుకునే పల్చటి రకం, పన్నా 36 అంగుళాలుంటే 4 మీటర్లు. డబుల్ కాట్ పాత నూలు దుప్పటి ఒకటి. మెత్తబడిన నూలు చీర ఒకటి. అంచు పట్టీలకు పాత లుంగీ గానీ పంచె గానీ. గట్టి నూలు దారం, పిన్నీసులు, 14 అంగుళాల చదరంగా కోసిన అట్ట. పేస్టింగ్ బక్రం మ్యాచింగ్ సెంటర్లలో, దర్జీ సామాన్లు అమ్మే కొట్లలో దొరుకుతుంది.

కత్తిరించే ముందు

టీషర్టులన్నీ ఉతికి ఆరేయండి. కొత్తవైతే రంగు దిగుతుందేమో ముందే తెలిసిపోతుంది. ఇద్దరు ముగ్గురు కూర్చుని ఏది ఉండాలో, ఏది వద్దో తేల్చుకోండి. కత్తెర పడ్డాక అనుకుని లాభం లేదు. మా ఇంట్లో మేనకోడలు ఒక్కొక్కటే తీసి, "ఇది నాన్న నాకు సైకిల్ నేర్పినప్పటిది", "ఇది అమ్మ పారేయమంటే దాచుకున్నది" అంటూ వరస పెట్టింది. ఆ మధ్యాహ్నం కత్తెర పట్టనేలేదు. పట్టకపోయినా పరవాలేదు.

చంకల కింద, పక్క కుట్ల మీద కత్తిరించి ముందు, వెనక భాగాలు విడదీయండి. బొమ్మ మధ్యలో ఉండేలా చూసుకుని సుమారు 16 అంగుళాల ముక్క తియ్యండి. అసలు కొలత ఇప్పుడే కొయ్యకండి.

పేస్టింగ్ అంటించడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. టీషర్టు గుడ్డ అల్లిన గుడ్డ, బనీనులాగా సాగుతుంది. వట్టిగా కుడితే ఒక ముక్క ఇటు, ఒక ముక్క అటు లాగి, బొంత అప్పడంలా వంకరలు పోతుంది. అందుకని ప్రతి ముక్కకూ వెనకవైపు పేస్టింగ్ అంటించాలి. టీషర్టు అడ్డంగా ఎక్కువ సాగుతుంది కనుక, బక్రం సాగని వైపు దానికి అడ్డంగా వచ్చేలా పెట్టండి. మెరుపు చుక్కలున్న జిగురు వైపు గుడ్డకు ఆనాలి. ఇస్త్రీపెట్టెను రుద్దకుండా, ఒకచోట పది పదిహేను సెకన్లు అదిమి, ఎత్తి, పక్కన పెట్టాలి. చల్లారాక అట్ట పెట్టి సరిగ్గా 14 అంగుళాలు కొయ్యండి.

ఇంకో జాగ్రత్త. రబ్బరులా ఉబ్బెత్తుగా ఉండే అచ్చు మీద ఇస్త్రీపెట్టె నేరుగా పెట్టకూడదు. బొమ్మను కిందికి తిప్పి, కింద ఓ నూలుగుడ్డ పరిచి, వెనకనుంచే చెయ్యాలి.

ఈ సంగతి నాకెలా తెలిసిందో చెబితే మీరు తిడతారు. అన్నయ్య ఇరవై అయిదోసారి రక్తం ఇచ్చినప్పుడు శిబిరంవాళ్ళు ఇచ్చిన ఎర్ర టీషర్టు ఒకటి ఉంది. గుండె మీద తెల్లటి అక్షరాలతో ఆ సంఖ్య. అంటుకుందో లేదో చూద్దామని ముందువైపు తిప్పి ఇస్త్రీపెట్టె ఆనించాను. అంతే! అక్షరాలు కరిగి ఇస్త్రీపెట్టెకు అంటుకుపోయాయి. గుడ్డ మీద తెల్లటి మరక మిగిలింది.

రెండు రోజులు చెప్పకుండా దాచాను. మూడో రోజు చెప్పాను. వదిన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ముక్క చేతిలోకి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మిగిలిన టీషర్టులన్నీ మళ్ళీ బీరువాలో పెట్టేసింది. అనే మాట ఏదో అని ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. ఉపకారం చేద్దామని పోయి ఉన్నది కాస్తా పోగొట్టానే అని నాకు నిద్ర పట్టలేదు.

పదిహేను రోజుల తర్వాత తనే ఫోను చేసింది. వెళితే టీషర్టులు మంచం మీద పెట్టి ఉన్నాయి. ఒక్కటి మాత్రం విడిగా, కవరులో కట్టి ఉంది. నీలం గీతలది. "ఇది ఉతకలేదు, ఇవ్వను. మిగతావి నీ ఇష్టం" అంది. ఎర్ర టీషర్టు వెనక భాగం బాగానే ఉంది కదా, అది వేయమంది.

అందుకే చెబుతున్నాను. మీరు కుట్టేది పోయినవాళ్ళ బట్టలతో అయితే, అన్నీ కత్తిరించకండి. ఒక్కటైనా అలాగే ఉంచండి. ఏది ఉంచాలో మీరు చెప్పకండి, వాళ్ళనే చెప్పనివ్వండి. ఇంకా తాళం తియ్యనివాళ్ళను తొందరపెట్టకండి.

కుట్టే వరుస

ముక్కలు నేలమీద నాలుగు వరుసగా, అయిదు వరసలు పరిచి చూసుకోండి. ముదురు రంగులన్నీ ఒకేచోట పడకుండా మార్చుకోండి. బాగుందనిపించాక ప్రతి ముక్క వెనక అంకె వేసిన కాగితం గుచ్చండి.

ముందు అడ్డ వరసలు, తర్వాత వరసకు వరస జతచెయ్యాలి. అర అంగుళం లోపలికి కుట్టండి. కుట్టు కాస్త పొడవుగా పెట్టుకోండి. మిషనుకు బనీను గుడ్డలకు వాడే గుండ్రటి మొన సూది వేస్తే దారం తప్పదు. కుట్టిన ప్రతిసారీ వెనక మడతలు రెండువైపులా విప్పి ఇస్త్రీ చేసుకోండి. లేకపోతే మూలలు కలిసేచోట గడ్డ కడుతుంది. ముక్క కుట్టాక 13 అంగుళాలు మిగులుతుంది. అంటే 52 వెడల్పు, 65 పొడవు. చుట్టూ 4 అంగుళాల అంచు వచ్చేలా లుంగీ పట్టీలు వేస్తే మొత్తం 60, 73 అంగుళాలు. ఒక మనిషి హాయిగా కప్పుకోవచ్చు.

మూడు పొరలు

అడుగు గుడ్డ చుట్టూ 2 అంగుళాలు ఎక్కువ ఉండాలి. చీరలోంచి 78 అంగుళాల ముక్కలు రెండు తీసి పక్కపక్కన జతచేసి, 64 అంగుళాల వెడల్పుకు సరిచేస్తే సరిపోతుంది. మన ఎండలకు దూది వద్దు. మధ్యలో పాత నూలు దుప్పటి చాలు.

ఆ అడుగు గుడ్డకు ఏం వేద్దామా అని ఆలోచిస్తుంటే అమ్మ వచ్చింది. మా పని మొదలైనప్పటినుంచీ ఆ గదిలోకి అడుగుపెట్టని మనిషి. చేతిలో తన మంగళగిరి నూలు చీర, ఉతికి మడతపెట్టినది. "మా నాన్న పోయాక మా అమ్మ ఆయన పంచెలన్నీ బొంతలో వేసింది. పెళ్ళయ్యేదాకా నేను దానిమీదే పడుకున్నాను. ఆ మాటే మరిచిపోయాను చూడు" అంది. వదిన లేచి, "కూర్చోండి అత్తయ్యా" అని పీట వేసింది. ఇద్దరూ ఒకచోట కూర్చుని అన్నయ్య మాట మాట్లాడుకోవడం ఆ మూడేళ్ళలో నేను చూడటం అదే మొదలు.

చీరను తిరగవేసి పరిచి, ముడతలు లేకుండా అంచులు టేపుతో నేలకు అంటించండి. దానిపై దుప్పటి, ఆపైన కుట్టిన టీషర్టుల పై గుడ్డ. మధ్యనుంచి మొదలుపెట్టి బయటికి, జానెడు దూరానికో పిన్నీసు పెట్టుకుంటూ పోవాలి. ఆ తర్వాత ముక్కల కుట్ల పక్కనే, ప్రతి ముక్క మధ్యలోనూ, మూడు పొరలూ పట్టేలా చేత్తో బారుగా కుట్టండి. ఇదీ మధ్యనుంచి బయటికే. చివర్లో మధ్య దుప్పటిని పై గుడ్డకు సరిగా కత్తిరించి, మిగిలిన 2 అంగుళాల చీరను మడిచి, పైకి తిప్పి కుట్టేస్తే అంచు కట్టినట్టే.

తొందరపడకండి. మాకు చేతికుట్టుకే నెలన్నర పట్టింది. రోజుకు రెండు బారలు కుట్టినా చాలు. అమ్మ కుట్లు అంగుళానికి రెండు, వదినవి నాలుగు. ఏది ఎవరిదో చూడగానే తెలిసిపోతుంది.

ఉతికేటప్పుడు

చన్నీళ్ళలో, సబ్బు తక్కువేసి ఉతకండి. పిండకండి. నీడలో, తీగ మీద బారుగా వేసి ఆరేయండి. అచ్చు బొమ్మల మీద ఇస్త్రీ... ఇంకా చెప్పాలా?

ఇప్పుడా బొంత వదిన మంచం మీద ఉంటుంది. మేనకోడలు సెలవులకు వచ్చినప్పుడు దానికోసం తల్లీకూతుళ్ళు లాగులాడుకుంటారు. నీలం గీతల టీషర్టు కవరులోనే ఉంది. కొత్త ఇంట్లో చిన్న బీరువా, దానికి తాళం లేదు.

మీ బీరువాలో ఏమున్నాయో చూసుకోండి. ఇరవై లేకపోతే తొమ్మిదింటితో ఒడిలో పరుచుకునేంత చిన్నది కుట్టండి. ఎలా వచ్చిందో నాకు రాయండి. టీషర్టుల చేతులు, పక్క ముక్కలు మాత్రం పారేయకండి. వాటితో వంటింటి పట్టుగుడ్డలు ఎలా కుట్టుకోవాలో వచ్చే వారం చెబుతాను.