దర్వాజ బార్లా తెరిచి దొంగను తిడితే ఎట్ల?

తాండూరు, వికారాబాద్‌ల రైలెక్కి హైదరాబాద్ పోయి, అమీర్‌పేటల డాకర్, కుబర్నెటిస్ నేర్చుకునే మనోళ్లు ఉన్నరు. నేను జూసిన కాడికి కంటైనర్ నడుపుడు మీదున్న సోయి, తాళం ఏసుడు మీద ఉంటలేదు.

కంటైనరంటే ఒక్క ఇంట్ల అర్రలసొంటిది. ఏ సాఫ్ట్‌వేర్ అర్ర దానిదే. కని కింద పునాది, అంటే లినక్స్ కెర్నల్, అన్నిటికీ ఒక్కటే. 2019 ఫిబ్రవరిల 'రన్‌సీ' లోపం బయటపడ్డది. దాంతోని ఒక్క అర్రల జొచ్చినోడు సర్వర్ మొత్తానికే మాలకుడు కావచ్చు.

చానాసార్లు గోడ తవ్వే పని గూడ లేదు. టెస్లా కంపెనీ కుబర్నెటిస్ కన్సోల్‌కు పాస్‌వర్డే లేదని 2018ల బయటపడ్డది. దొంగలు జొచ్చి ఆ సర్వర్ల మీద చప్పుడుగాకుంట క్రిప్టో కరెన్సీ తీసుకున్నరు. కిరాయి ఒకరిది, పైసలు ఇంకొకరికి! డాకర్ 2375 పోర్టు గూడ పాస్‌వర్డ్ అడగది. దాన్ని ఇంటర్నెట్‌కు తెరిస్తే ఎవడన్నా హుకుం ఇయ్యచ్చు.

కంది ఇత్తనాలు కొంటే సంచి మీద లేబుల్ జూస్తం, బిల్లు అడుగుతం. మరి ఎవడు జేసిండో తెల్వని ఇమేజ్‌ను ఎట్ల నడుపుతం?

తమ్ముండ్లారా, చెల్లెండ్లారా! కంటైనర్‌ను రూట్‌గ నడపకుండ్రి. పోర్టులు మూయుండ్రి. అప్‌డేట్ ఆపకుండ్రి. రేపు మీరు కాపాడే సర్వర్ల మన ఊరోళ్ల పైసలు, కాగితాలే ఉండచ్చు.