తెరమీది రేవు, నేలమీది రేవు

జూబిలీహిల్సు, ఫిలింనగరుల నుండి వెలువడు తెలుగు చలనచిత్రము నేడు దేశదేశములకు చేరుచున్నది. 2022లో జపానులో విడుదలయిన 'ఆర్‌ఆర్‌ఆర్‌' చిత్రమును అచ్చటి ప్రేక్షకులు మిక్కిలి ఆదరించిరి. ఇది సంతోషింపదగిన విషయమే. కాని జపానుతోడి సంబంధము తన నేలమీదనే ముద్రపడియున్న తెలుగు పట్టణ మొకటి కలదు. మన చిత్రములు దానిని ఎన్నోమార్లు తెరకెక్కించినను ఆ సంగతిని చెప్పుట మాత్రము అరుదు. ఆ పట్టణము విశాఖ.

1978లో వచ్చిన 'మరోచరిత్ర' నాటినుండి విశాఖ సముద్రతీరము, భీమునిపట్టణము మన ప్రేక్షకులకు చిరపరిచితములు. అరకులోయయు అట్టిదే. విహారయాత్రకు పోవు విద్యార్థి తెరపై చూచిన చోటులనే వెదకి, అక్కడ నిలిచి ఫోటో తీయించుకొని తిరిగి వచ్చును. తప్పు ఆ బాలునిపై వేయరాదు. ఏమి చూడవలెనో ముందుగా చెప్పువారు అతనికి లేకపోయిరి.

అరకునకు పోవు రైలుమార్గమునే తీసికొందము. సొరంగము వచ్చినపుడెల్ల పిల్లలు కేరింతలు కొట్టుదురు. బైలడిల్లా కొండల ఇనుప ఖనిజమును జపాను ఉక్కు కర్మాగారములకు పంపుటకై, ఆ దేశముతో 1960లో కుదిరిన ఒప్పందము ననుసరించి, కొత్తవలస కిరండూలుల నడుమ ఆ దశాబ్దములోనే వేసిన మార్గమది. 1933లో ప్రారంభమయిన రేవునకు 1976లో వెలుపలి నౌకాశ్రయము తోడగుటకు ఆ ఖనిజమును మోయు పెద్ద ఓడలే ముఖ్యకారణము. అంతకు పూర్వము, 1942 ఏప్రిల్ 6వ తేదీన, జపాను విమానములు ఈ పట్టణముపైననే బాంబులు వేసినవి. ఇరువది యేండ్లు తిరుగకముందే నాటి శత్రువు మన సరకు కొనువాడయ్యెను. చరిత్ర, భూగోళము, అర్థశాస్త్రము మూడును కలిపి బోధించుటకు ఇంతకంటె అనువయిన చోటు ఎక్కడ దొరకును?

భీమునిపట్టణపు దారిలో తొట్లకొండ కలదు. వాననీరు నిలుపుకొనుటకు బౌద్ధభిక్షువులు రాతిలో తొలిపించిన తొట్లవలననే దానికా పేరు వచ్చినది. మరికొంత దూరమున ఎర్రమట్టి దిబ్బలున్నవి. గాలియు నీరును వేల సంవత్సరములు శ్రమించి కూర్చిన ఆ దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినవి. పాటలు తీయువారును, ఆ పాటలు చూచి వచ్చువారును వానిని ఎక్కి త్రొక్కుచుండిన, కరగిన మట్టిని తిరిగి కూర్చువాడెవడు? విలువ తెలియని చోటును జాగ్రత్తగా చూచుకొనుట మానవ స్వభావములో లేదు.

వినోదమునకు పోవు పిల్లలకు పాఠములేల యని కొందరందురు. తెలిసి చూచుటలోని ఆనందము తెలియక చూచుటలో ఉండదని ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు. యాత్రకు వారము ముందుగా ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క ప్రశ్న ఇచ్చి పంపుడు: ఈ రైలు ఎవరికొరకు వచ్చినది? ఈ కొండకు ఈ పేరేల? సమాధానములను వారే వెదకి తెత్తురు.

ఫిలింనగరు రచయితలకును ఒక మనవి. బాంబులు పడిన రేవునుండి బాంబులు వేసిన దేశమునకే ఇనుప ఖనిజము పోయిన కథ మీ చేతికందు దూరములో ఉన్నది. మన చిత్రములను మెచ్చిన జపానువారును దానిని శ్రద్ధతో చూతురు.